రాతి సిలువ చూడ్డానికి వెళ్తున్నారా? ముందు సన్నికల్లు తీయండి

పిల్లలు లీడ్స్‌లోనో మాంచెస్టర్‌లోనో ఉన్నారని చెన్నై నుంచి వెళ్లే మనవాళ్లు లండన్ ఒక్కటి చూసి వచ్చేస్తారు. ఇంగ్లండ్, స్కాట్లాండ్ చర్చిల్లో వెయ్యేళ్లు దాటిన ఆంగ్లో-సాక్సన్ (అంటే తొలినాటి ఇంగ్లిష్‌వాళ్ల) రాతి సిలువలున్నాయి. కాకపోతే ఊరికే ఎదురుగా నిలబడితే అరిగిపోయిన స్తంభంలాగే కనిపిస్తాయి, కాబట్టి ఇక్కడే కాస్త కన్ను అలవాటు చేసుకోండి.

రాత్రి లైట్లార్పి సన్నికల్లు మీదికి ఫోన్ టార్చ్ ఎదురుగా కొట్టండి, ఏమీ తెలియదు. అదే టార్చ్‌ని పక్క నుంచి, దాదాపు రాయికి ఆనించినట్టు పట్టుకుంటే ఒక్కో ఉలి గంటు నీడతో సహా లేచొస్తుంది. సిలువ దగ్గరా కిటుకంతా ఇదే, వెలుగు పక్క నుంచి పడాలి. ఫ్లాష్ కొట్టి ఫోటో తీస్తే ఆ నీడలే పోతాయి.

రెండోది మెలికల ముగ్గు. సిలువల మీది అల్లికలూ అంతే, ఒక దారం ఒకచోట పైనుంచి వెళ్తే తర్వాత కిందినుంచి దూరుతుంది. ఒక కొస పట్టుకుని కంటితోనే (వేలితో వద్దు, రాయిని ముట్టుకోకండి) చివరిదాకా వెళ్తే ఒక్కోసారి అక్కడ జంతువు తల ఉంటుంది!

అంచులు కూడా వదలొద్దు. మన సెయింట్ థామస్ మౌంట్ మీద, పోర్చుగీసువాళ్లకు 1547లో దొరికిన సిలువ చుట్టూ పహ్లవీ (పాత పర్షియా లిపి) అక్షరాలున్నాయి కదా, స్కాట్లాండ్‌లోని రూత్‌వెల్ సిలువకు పక్క అంచుల్లో రూన్ అనే పాతకాలపు లిపిలో పద్యమే ఉంది, అందులో సిలువే తన గోడు చెప్పుకుంటుంది. 1642లో దాన్ని విగ్రహారాధన అని పగలగొట్టారు, తర్వాత ముక్కలు అతికి 1887లో చర్చి లోపల నిలబెట్టారు. దాదాపు 5.5 మీటర్ల ఎత్తు, అందుకని దానికోసం నేలే లోతు చేశారు.

అంత దూరం కుదరకపోతే లీడ్స్‌లోని పెద్ద చర్చి, లీడ్స్ మిన్‌స్టర్ చాలు, అందులోనూ ఒక సిలువ ఉంది. 1838లో పాత చర్చిని పడగొడుతుంటే గోడల్లోంచి ఆ సిలువ ముక్కలు బయటపడ్డాయి, మామూలు రాళ్లలా వాడేశారన్నమాట. కింది భాగంలో రెక్కలు కట్టుకున్న వేలండ్ అనే కమ్మరిని వెతకండి, సిలువ మీద క్రైస్తవానికి ముందటి కథ! అక్కణ్ణుంచి రైలెక్కితే అరగంటలో ఇల్క్లీ, ఆల్ సెయింట్స్ చర్చిలో మూడు సిలువ కాండాలు.

ఆదివారం పొద్దున ప్రార్థన ఉంటుంది, ఆ టైమ్ వద్దు. చిన్న ఊళ్ల చర్చిలకు తాళం వేసి ఉండొచ్చు, ముందురోజే ఫోన్ చేయండి. అలవాటుకొద్దీ చెప్పులు గుమ్మం దగ్గర విప్పకండి, ఆ రాతి నేల చలికి పది నిమిషాలు కూడా నిలబడలేరు.