ఐసింగ్‌కి రంగు పట్టకపోతే, రుచి తేలిపోతే

బటర్, షుగర్ గిలక్కొట్టి కేక్ మీద పూసే ఐసింగ్‌నే బటర్‌క్రీమ్ అంటారు. దానికి రంగు, రుచి పట్టించేటప్పుడు వచ్చే తిప్పల్లో సగం నీళ్ల వల్లే. బటర్‌లో దాదాపు 80 శాతం కొవ్వు ఉంటుంది. మనం కలిపే లిక్విడ్ కలర్, పళ్లరసం, పాలు అన్నీ నీళ్ల సరుకే. అందుకే ఏది తేడా కొట్టినా ముందు నేను అడిగే ప్రశ్న ఒకటే: ఇప్పుడు కలిపింది కొవ్వులో కలిసేదా, నీళ్లలో కలిసేదా? కింద చెప్పిన కొలతలన్నీ 250 గ్రాముల బటర్, 500 గ్రాముల ఐసింగ్ షుగర్‌తో (మెత్తటి చక్కెర పొడి) చేసిన బటర్‌క్రీమ్‌కి.

ఎరుపు కావాలంటే గులాబీ దగ్గరే ఆగిపోయింది

వాడింది పల్చటి లిక్విడ్ కలర్ అయితే అది ముదురు రంగు ఇవ్వదు. ఇంకా పోస్తే రంగు రాదు సరికదా, ఐసింగ్ జారిపోతుంది. చిక్కగా, గాఢంగా ఉండే జెల్ కలర్‌కి మారండి. అది కూడా టూత్‌పిక్ కొనకి అంటించి కొద్దికొద్దిగా కలపండి. సగం షేడ్ వచ్చాక చెయ్యి ఆపి, గిన్నె మీద మూతపెట్టి రెండు మూడు గంటలు వదిలేయండి, రాత్రంతా ఉంచితే మరీ మంచిది. ఎరుపు, నలుపు, ముదురు నీలం కలిపిన వెంటనే ఒకలా ఉంటాయి, నిలవుంటే ముదురుతాయి. ఇక్కడ ఓపిక పట్టలేకే చాలామంది సగం సీసా ఒంపేస్తారు, తర్వాత నోరంతా చేదు.

అంత టైమ్ లేకపోతే ఇంకో దారి ఉంది. రంగు కలిపిన ఐసింగ్‌లోంచి రెండు మూడు స్పూన్లు చిన్న గిన్నెలోకి తీసి, మైక్రోవేవ్‌లో పది సెకన్లు పెట్టండి. కరిగి పల్చబడ్డాక స్పూన్‌తో తిప్పితే, అప్పటిదాకా లేత గులాబీగా ఉన్నది ఒక్కసారిగా ముదురు ఎరుపుకి తిరుగుతుంది. దాన్ని గది వేడికి చల్లారనిచ్చి మిగతా ఐసింగ్‌లో కలిపి బీట్ చేయండి. వేడిగా ఉండగానే పోశారంటే మొత్తం కారిపోతుంది.

నలుపుని తెల్ల ఐసింగ్‌తో మొదలుపెట్టడం దండగ పని. ముందే కోకో కలిపి చాక్లెట్ ఐసింగ్ చేసుకుంటే నల్లరంగు చాలా తక్కువ పడుతుంది, చేదూ రాదు. ముదురు ఎరుపుకి కూడా ఒక స్పూన్ కోకో సాయం చేస్తుంది.

నీలం వేస్తే ఆకుపచ్చ వస్తోంది

రంగు డబ్బాని తిట్టుకోకండి, తప్పు బటర్ పసుపుది. నీలం, పసుపు కలిస్తే ఆకుపచ్చేగా! షుగర్ వేయకముందే మెత్తటి బటర్‌ని ఒక్కదాన్నే ఏడెనిమిది నిమిషాలు బీట్ చేస్తే గాలి పట్టి బాగా తెల్లబడుతుంది. అప్పటికీ పసుపు ఛాయ మిగిలితే టూత్‌పిక్ కొనకి అంటినంత వయొలెట్ కలపండి. అంతకు మించితే బూడిదరంగు అవుతుంది.

పళ్లరసం పోయగానే విరిగిపోయింది

నీళ్లు మోతాదు మించినా, ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి రసం పోసినా బటర్ పలుకులు పలుకులుగా విడిపోతుంది, అడుగున నీరు చేరుతుంది. చూస్తే గుండె గుభేల్‌మంటుంది కానీ, పారేయక్కర్లేదు. గిన్నెని గోరువెచ్చటి నీళ్ల మీద ఒక నిమిషం ఉంచండి. అంచులు కాస్త కరగడం మొదలవగానే తీసి బీట్ చేయండి, చాలావరకు తిరిగి కలుస్తుంది. రసం నిజంగానే ఎక్కువైతే మెత్తటి బటర్ స్పూన్ స్పూన్‌గా వేస్తూ బీట్ చేయండి. షుగర్ పోసి గట్టిపరచాలని చూస్తే తీపి వెగటు పుడుతుంది.

అసలు రసం జోలికే పోకపోతే మేలు. నిమ్మ రుచికి తొక్క పైపొరని తురిమి, ఐసింగ్ షుగర్‌లో వేసి వేళ్లతో నలపండి. వాసన ఉండేది ఆ తొక్కలోని నూనెలో, అది కొవ్వులో ఇట్టే కలుస్తుంది. స్ట్రాబెర్రీకి ఫ్రీజ్ డ్రైడ్ (గడ్డకట్టించి తేమ తీసేసిన) పండ్ల పొడి అన్నిటికన్నా నయం, రుచితోపాటు లేత గులాబీ రంగూ వస్తుంది. తాజా పండ్లే ఉంటే గుజ్జుని జామ్ అంత చిక్కబడేదాకా ఉడికించి, పూర్తిగా చల్లారాక కలపండి.

ఎసెన్స్ వేసినా రుచి తెలియడం లేదు, లేదా ఘాటైపోయింది

ఫ్రిజ్‌లోంచి తీసిన ఐసింగ్‌ని అలాగే రుచి చూసి తేల్చేయకండి. చల్లటి కొవ్వులో రుచి సరిగా తెలియదు. గది వేడికి వచ్చాక చూడండి. అప్పటికీ చప్పగా ఉంటే ఎసెన్స్ కన్నా ముందు చిటికెడు ఉప్పు వేయండి, తీపి వెనక దాక్కున్న రుచి బయటికొస్తుంది. కాఫీ రుచికి ఇన్‌స్టంట్ పొడిని ఒక టీస్పూన్ వేడినీళ్లలో కరిగించి, చల్లార్చి పోయండి.

ఘాటుకి కారణం ఎక్కువగా కొలత. వెనిలా ఎసెన్స్ ఒక టీస్పూన్ సరిపోతుంది, బాదం ఎసెన్స్ అందులో పావు వంతు చాలు. నూనె ఫ్లేవర్లు ఇంకా గాఢం, వాటిని చుక్కల్లోనే లెక్కపెట్టాలి. ఎక్కువైతే తీసేసే మార్గం లేదు, ఫ్లేవర్ లేని ఐసింగ్ ఇంకొంత చేసి కలపాల్సిందే.

గుడ్డు తెల్లసొనతో చేసే రాయల్ ఐసింగ్‌కి మాత్రం లెక్క తిరగబడుతుంది. దానికి కొవ్వు శత్రువు. నూనె ఫ్లేవర్ గానీ, గిన్నెకంటిన జిడ్డు గానీ చాలు, నురుగు నిలబడదు. కరిగించిన చాక్లెట్‌కేమో నీళ్లే శత్రువు. మామూలు జెల్ కలర్‌లోనూ నీళ్లుంటాయి, వేస్తే ముద్దకడుతుంది కాబట్టి నూనెలో కలిసే రంగే వాడాలి.

చుక్కలు చుక్కలుగా రంగు

మూత దగ్గర ఎండిన జెల్ ముక్కలో, కరగని పొడి రంగో పడినట్టు. కొంచెం ఐసింగ్‌లో రంగుని ముందు బాగా నూరి, తర్వాత మొత్తంలో కలపండి.

మర్నాటికి రంగు వెలిసింది, లేదా పక్కకి పాకింది

గులాబీ, వయొలెట్ వెలుగు తగిలితే వెలుస్తాయి. వయొలెట్‌లో ఎరుపు ముందు పోయి నీలం మిగులుతుంది. కేక్‌ని అట్టపెట్టెలో పెట్టి, కిటికీకి దూరంగా ఉంచండి. బీట్‌రూట్ పొడి లాంటి సహజ రంగులు ఇంకా తొందరగా వెలుస్తాయి, వాటిని వడ్డించే రోజే కలపండి.

రంగు పాకడం తేమ వల్ల. ఫ్రిజ్‌లోంచి తీసిన కేక్ మీద నీటి బిందువులు చేరి, ముదురు రంగుని తెల్లదాని మీదకి లాగుతాయి. బయటికి తీశాక పెట్టె మూత వెంటనే తెరవకండి, చెమట పెట్టె మీద పడుతుంది. ఎర్ర అక్షరాలు, నల్ల గీతలు ఉంటే వడ్డించే ముందు రాసుకోండి. పొరపాటున చెమ్మ చేరితే తుడవొద్దు, తుడిస్తే రంగు అలుక్కుపోతుంది. ఫ్యాన్ గాలికి ఆరనివ్వండి.