పాత టైల్స్ మీద రెసిన్: ముందు చెమ్మ, తర్వాతే రంగు

బరంపురం, పర్లాకిమిడి పాత ఇళ్లలో టైల్స్ మీద పోసిన ఎపాక్సీ (రెసిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే పూత) ఆరు నెలలకే అప్పడంలా లేచిందంటే, చాలాసార్లు తప్పు రెసిన్‌ది కాదు. కింద ఉన్న చెమ్మది, జిడ్డుది.

చెమ్మ సంగతి ఒక్క రాత్రిలో తేలిపోతుంది. రెండడుగుల పాలిథిన్ ముక్కని నాలుగు టైల్స్ కలిసే చోట పరిచి, అంచులన్నీ టేపుతో మూసి 16 గంటలు వదిలేయండి. టైల్ మధ్యలో పెడితే లాభం లేదు, చెమ్మ ఊరేది సందుల్లోంచే. పొద్దున షీటు అడుగున నీటిబొట్లు పట్టి ఉంటే ఆ గది జోలికి పోవద్దు. పొడిగా ఉంటే రూపాయి బిళ్లతో ఒక్కో టైల్ కొట్టి చూడండి. డొల్లగా మోగినవి ఊడదీసి మళ్లీ అతికించాల్సిందే.

గిన్నెల సబ్బు కలిపిన వేడినీళ్లతో జిడ్డు వదిలేదాకా రుద్ది, ఆరాక 80 నంబరు గరుకు కాగితంతో మెరుపు పూర్తిగా పోయేలా అరగదీయాలి. మూతికి మాస్కు తప్పదు. తర్వాత నీళ్లు చిలకరించండి. నీరు పలచగా పరుచుకుంటే సరే, ముత్యాల్లా నిలిస్తే జిడ్డు ఇంకా ఉన్నట్టే. సందులు ఎపాక్సీ పుట్టీతో పూడ్చకపోతే గళ్లన్నీ పైకి తేలతాయి. ఇవన్నీ అయ్యాక ఒక రోజు ఆరనిచ్చి, ప్రైమర్ (రెసిన్ పట్టుకోవడానికి వేసే తొలి పూత) పలచగా వేయండి.

100 చదరపు అడుగులకి 1 మి.మీ. మందాన దాదాపు 10 కిలోల రెసిన్ పడుతుంది. డబ్బా మీద 2:1 అని (రెసిన్ రెండు పాళ్లు, హార్డెనర్ ఒక పాలు) ఉంటే అది కొలతా, తూకమా అన్నది చదవండి. త్వరగా గట్టిపడాలని హార్డెనర్ ఎక్కువ పోస్తే ఎప్పటికీ జిగురుగానే ఉండిపోతుంది. మూడు నిమిషాలు నెమ్మదిగా, బకెట్ గోడలూ అడుగూ గీకుతూ కలిపి, వేరే బకెట్‌లోకి మార్చి ఇంకో నిమిషం కలపాలి. చేతికి గ్లౌజులు ఉండాలి. కలిపింది బకెట్‌లోనే ఉంచితే వేడెక్కి పొగలొస్తుంది, కాబట్టి వెంటనే నేల మీద పోసి పళ్ల గరిటెతో పరిచేయండి. బుడగలు తేలితే హీట్ గన్‌ని జానెడెత్తున, ఒకచోట ఆపకుండా తిప్పండి.

కోస్తా గాలి తడి ఇక్కడ పెద్ద శత్రువు. వానాకాలంలో పైన మైనంలాంటి పొర కట్టి తెల్లబారుతుంది. కార్తీకం నుంచి మాఘం దాకా మంచి సమయం. ఎండ పడే వసారాలో మాత్రం ఎప్పుడు వేసినా పసుపెక్కుతుంది, అక్కడ వద్దు. స్నానాలగదిలో అయితే చివరి పూతలో సన్నని సిలికా ఇసుక కలపకపోతే జారి పడతారు.

మార్గశిర లక్ష్మీవారాలకి గడప దగ్గర శాశ్వతంగా ముగ్గు ఉండాలంటే, రంగు పూత గట్టిపడ్డాక 220 కాగితంతో తేలిగ్గా రుద్ది తెల్ల యాక్రిలిక్‌తో వేసి, ఒక రోజు ఆరాక పైన పారదర్శక పూత పోయండి. నడవడానికి 24 గంటలు, బల్లలు పెట్టడానికి మూడు రోజులు, నీళ్లతో కడగడానికి వారం ఆగాలి. ఆ తర్వాత రోజూ ముగ్గు వేసేవాళ్లు రాతిపిండి మానేసి బియ్యప్పిండి వాడండి. రాతిపిండి మీద చీపురు లాగిన ప్రతిసారీ మెరుపు మీద గీతలు పడతాయి.