డుబ్రోవ్నిక్ నుంచి కోటోర్‌కు: బస్సా, కారా, టాక్సీనా?

ఒక బస్సు తప్పితే కొద్దిసేపట్లో మరొకటి దొరుకుతుందన్న విజయవాడ బస్టాండు అలవాటుతో క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్ నుంచి మోంటెనెగ్రోలోని కోటోర్‌కు బయలుదేరకూడదు. దూరం సుమారు 90 కిలోమీటర్లే అయినా మధ్యలో దేశ సరిహద్దు ఉంది. డుబ్రోవ్నిక్‌కు రైలు మార్గం లేదు.

టికెట్టు కన్నా ముందు వీసా చూసుకోవాలి. 2023 జనవరి 1 నుంచి క్రొయేషియా షెంగెన్ ప్రాంతంలో (ఒకే వీసాతో తిరగగల ఐరోపా దేశాల కూటమిలో) ఉంది, మోంటెనెగ్రో లేదు. చెల్లుబాటులో ఉన్న షెంగెన్ వీసా గల భారతీయులను మోంటెనెగ్రో 30 రోజుల వరకు అనుమతిస్తుంది గాని, ఆ వీసా ఒకే ప్రవేశానికి ఇచ్చినదైతే తిరిగి క్రొయేషియాలో అడుగుపెట్టడం సాధ్యం కాదు కనుక, దరఖాస్తు చేసేటప్పుడే బహుళ ప్రవేశ వీసా కోరడం అత్యవసరం. డబ్బు మార్చుకునే పని లేదు, రెండు చోట్లా యూరోయే.

తొలిసారి వెళ్ళేవారికి నేను బస్సునే సూచిస్తాను. ఖర్చు తక్కువ, అయితే సరిహద్దులో ప్రయాణికులందరి పాస్‌పోర్టులూ చూసేదాకా బస్సు కదలదు. జూలై, ఆగస్టు నెలల్లో అక్కడ వాహనాలు బారులు తీరతాయి కాబట్టి ఉదయపు బస్సు ఎక్కడం, అదే రోజు విమానం పెట్టుకోకపోవడం మంచిది.

అద్దె కారుకు సరిహద్దు దాటే అనుమతి, మోంటెనెగ్రోలోనూ చెల్లే బీమా పత్రం అద్దె సంస్థ నుంచి ముందే తీసుకోవాలి. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌ను ఇక్కడి రవాణా కార్యాలయంలోనే పొందాలి. అక్కడ కుడివైపు నడపాలన్నది మరువరాదు. కామెనారి నుంచి లెపెతానెకు కారుతో సహా ఫెర్రీలో కోటోర్ అఖాతం దాటితే చుట్టుదారి తగ్గుతుంది. ఒడ్డు వెంటే వెళితే పెరాస్ట్ అనే చిన్న పాత పట్టణం చూడవచ్చు, నాకైతే అదే ఇష్టం.

టాక్సీ ఖరీదైనది. నలుగురు పంచుకుంటేనే గిట్టుబాటు.