ఆరోగ్య సిబ్బందికి అత్యవసర శిక్షణ: ప్లాను ఎలా వేసుకోవాలి

హాలు, తేదీ, వక్తలు తర్వాత చూసుకోవచ్చు. ముందు ఒక ముప్పును ఎంచుకోండి: వరద, కలరా, రసాయన లీకు, ఏదైనా సరే. అది ముంచుకొచ్చిన మొదటి 24 గంటల్లో నర్సు, ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసిస్టు, డ్రైవరు ఏం చేయాలో గంటలవారీగా రాయండి. ఎవరి వరసలో రాయడానికి తడబడ్డారో వాళ్లకే ముందు శిక్షణ కావాలి. అందరికీ కలిపి ఒకే క్లాసు పెడితే ఎవరికీ పనికిరాదు.

లక్ష్యాలు మూడు నుంచి ఐదు చాలు. "అవగాహన పెంచడం" అని రాయకండి, దాన్ని కొలవలేం. "ఫోను వచ్చిన 30 నిమిషాల్లో శాంపిల్ ప్యాక్ చేసి, ఫారం నింపి, బండి ఎక్కించాలి" అంటే కొలవచ్చు.

మొదటి పరీక్షగా ఫోన్ డ్రిల్ పెట్టండి. సెలవు రోజు పొద్దున్నే, ముందుగా చెప్పకుండా: "ఇది డ్రిల్. ఎంతసేపట్లో రాగలరు?" చేసిన టైము, ఎత్తిన టైము, చెప్పిన జవాబు రాసుకోండి. సగం నంబర్లు పాతవని అప్పుడే బయటపడవచ్చు. ఒకరు ఇంకొకరికి ఫోన్ చేసే గొలుసులో పైనున్న ఒక్కరి ఫోను స్విచాఫ్ అయితే కిందివాళ్లెవరికీ కబురు అందదు. అందుకే ప్రతి పేరు పక్కన ఇంకో పేరు ఉండాలి.

తర్వాత టేబుల్‌టాప్, అంటే బల్ల చుట్టూ కూర్చుని ఊహించిన పరిస్థితిలో ఎవరేం చేస్తారో మాటల్లో చెప్పే అభ్యాసం. 8 నుంచి 12 మంది, రెండు గంటలు. పరిస్థితిని ఒకేసారి చెప్పకుండా చీటీల్లో విప్పండి. మొదటిది: "రెండు ఊళ్ల నుంచి 14 మంది నీళ్ల విరేచనాలతో వచ్చారు." ఇరవై నిమిషాలకు: "ఓఆర్ఎస్ పాకెట్లు రేపటికి చాలవు." ఆపైన: "కరెంటు పోయింది, టీకాల ఫ్రిజ్ 8 డిగ్రీలు దాటింది." ఎవరైనా "చూసుకుంటాం" అంటే వదలకండి. ఎవరు, ఏ నంబరుకి, స్టోరు తాళం ఎవరి దగ్గర? పెద్ద అధికారి అందరికంటే మొదట మాట్లాడితే మిగతావాళ్ల నోళ్లు మూతపడతాయి, ఆయన్ని చివర్లో అడగండి.

చేతిపనులు చేతితోనే నేర్పాలి. పీపీఈ (గ్లౌజులు, గౌను, మాస్కు లాంటి రక్షణ దుస్తులు) తొడుక్కోవడం కంటే విప్పడమే ప్రమాదం. గ్లౌజుల మీద రంగు పూసి విప్పమనండి, ముంజేతికి, మెడకి ఎక్కడ అంటిందో వాళ్లకే కనిపిస్తుంది. రక్తం పడిన నేలకు 0.5 శాతం క్లోరిన్ కలపమనండి. సీసాలోని క్లోరిన్ ద్రావణం 5 శాతమైతే ఒక వంతుకి తొమ్మిది వంతుల నీళ్లు, 3.5 శాతమైతే ఆరు వంతులు. లేబులు చదవకుండా అలవాటు కొద్దీ కలిపేస్తారు, తప్పు అక్కడే. యాసిడ్‌తో మాత్రం ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది.

పూర్తిస్థాయి మాక్ డ్రిల్ ఇవన్నీ కుదిరాకే. అంబులెన్సు కంట్రోలుకి, పోలీసులకి ముందే చెప్పండి. ప్రతి సందేశం "డ్రిల్" అనే మాటతో మొదలవ్వాలి, లేకపోతే పుకారు పాకుతుంది. నిజమైన రోగి వస్తే అన్నీ ఆపేయడానికి ఒక మాట ముందే ఖాయం చేసుకోండి. లక్ష్యానికొక పరిశీలకుడు ఉండాలి. అతను సాయం చేయకూడదు, టైము రాసుకోవాలి, అంతే.

ముగిసిన వెంటనే, ఎవరూ కదలకముందే, ఇరవై నిమిషాలు కూర్చుని ఏం జరిగిందో మాట్లాడుకోండి. తర్వాత నాలుగు గడుల పట్టిక: లోపం, సవరణ, బాధ్యులు, తేదీ. "విభాగం" అని కాదు, మనిషి పేరు రాయండి. విఫలమైన ఆ ఒక్క భాగాన్నే మూడు నెలల్లో మళ్లీ డ్రిల్ చేయించండి.