గురుగ్రహం వర్ణపటం తీసే ముందు చూసుకోవాల్సినవి

వానలు వెనకపట్టాక అనంతపురం గాలి పొడిబారుతుంది. ఎరుపుకు అవతల కంటికి కనబడని వెలుగును (పరారుణాన్ని) విడదీసి తీసే వర్ణపటాలకు ఇదే అదను. టెలిస్కోపు బయటికి తీసే ముందు ఇవి చూసుకోండి.

– పోలిక కోసం చంద్రుణ్ణి గానీ, సూర్యుడి లాంటి నక్షత్రాన్ని గానీ అదే రాత్రి, గురుడు ఉన్నంత ఎత్తులోనే తీయండి. ఇది మరిస్తే రాత్రంతా వృథా. మన గాలిలోని ఆక్సిజన్ 760 నానోమీటర్ల దగ్గర, నీటి ఆవిరి 940 చుట్టుపక్కల వెలుగును మింగేస్తాయి. ఆ గీతలు మనవో గురుడివో తర్వాత తేల్చడం కష్టం. చంద్రుడిపై చెప్పుకోదగ్గ వాతావరణం లేదు, ఎండను తిప్పి పంపుతాడంతే. గురుడి వర్ణపటాన్ని దాంతో భాగిస్తే ప్రధానంగా మీథేన్ పట్టీలే, అంటే గురుడి మీథేన్ వాయువు వెలుగును మింగిన చీకటి చోట్లే, మిగులుతాయి.

– కెమెరాలో పరారుణాన్ని ఆపే ఫిల్టర్ ఉందేమో చూడండి. టీవీ రిమోట్‌ను దానివైపు పెట్టి నొక్కితే తెలిసిపోతుంది. బల్బు గట్టిగా మెరవకపోతే 889 నానోమీటర్ల దగ్గరి మీథేన్ పట్టీ మీద ఆశ వదులుకుని, 619 దగ్గరి సన్న పట్టీతో సరిపెట్టుకోవాలి.

– వెలుగును రంగులుగా విడదీసే గ్రేటింగ్ ముందు ఎర్ర ఫిల్టర్ తప్పనిసరి. గ్రేటింగ్ ఒకే వర్ణపటాన్ని పక్కపక్కనే పలు వరుసల్లో పరుస్తుంది. లేకుంటే 445 దగ్గరి నీలం వెలుగు రెండో వరుసలో సరిగ్గా 890 మీద పడి పట్టీని పూడ్చేస్తుంది. పట్టీ కనబడక టెన్షన్ పడేవాళ్లు ముందు ఇది చూసుకోవాలి.

– డాబా, బండ వద్దు, మట్టి నేలే మేలు. పగటి వేడి అర్ధరాత్రి దాకా పైకి లేస్తూ గురుడి బింబాన్ని స్లిట్‌లో (వెలుగు లోపలికి వెళ్లే సన్న చీలికలో) నిలవనివ్వదు.

– దగ్గర్లో వేరుశనగ నూర్పిడి నడుస్తుంటే అద్దం మూత తీయకండి.