ముంజేతి ఫ్లాప్ ఆపరేషన్‌కు ముందు జాగ్రత్తలు

నాలుక క్యాన్సర్ తీసేసిన చోట ముంజేతి చర్మాన్ని రక్తనాళాలతో సహా తెచ్చి అతుకుతారు. ఇలా తెచ్చిన చర్మాన్నే ఫ్లాప్ అంటారు. చైనా సర్జన్లు 1981లో ప్రచురించిన పద్ధతి ఇది. ఆ చర్మం పలుచగా, మెత్తగా ఉంటుంది కాబట్టి నోట్లో చక్కగా ఒదుగుతుంది. అయితే దాంతోపాటు చేతికి రక్తం తెచ్చే రెండు ధమనుల్లో బొటనవేలి వైపుదైన రేడియల్ ధమని కూడా పోతుంది. అందుకే ముందుగా ఇవి చూసుకోవాలి.

• ఏ చెయ్యో ముందే తేల్చండి. మామూలుగా వాడకం తక్కువున్న చెయ్యే తీసుకుంటారు. రోగి ఎడమచేతి వాటమేమో అడగడం మర్చిపోవద్దు.

• అల్లెన్ పరీక్ష తప్పనిసరి. చిటికెనవేలి వైపున్న అల్నార్ ధమని ఒక్కటే చేతికి సరిపడా రక్తం ఇవ్వగలదో లేదో ఇందులో తెలుస్తుంది. రోగిని పిడికిలి బిగించమని చెప్పి, మణికట్టు దగ్గర రెండు ధమనులనూ నొక్కి పట్టాలి. పిడికిలి విప్పితే అరచెయ్యి తెల్లగా పాలిపోయి ఉంటుంది. అల్నార్ ధమనిని మాత్రమే వదలండి. కొద్ది సెకన్లలో బొటనవేలి దాకా ఎరుపు తిరిగి రావాలి. నెమ్మదిగా వచ్చినా, అనుమానంగా ఉన్నా డాప్లర్ (ధ్వని తరంగాలతో రక్తప్రవాహం చూసే పరీక్ష) చేయించాల్సిందే. ఇక్కడ తొందరపడితే చెయ్యే ప్రమాదంలో పడుతుంది.

• ఆ చేతికి సెలైన్ వద్దు, రక్తం తీయొద్దు. ఒక్క సూది పోటుతో సిరలో రక్తం గడ్డకట్టినా ఫ్లాప్‌కు ముప్పే. చేతికి పెద్ద అక్షరాలతో స్టిక్కర్ అంటించండి. రాత్రి డ్యూటీ సిస్టర్‌కు నోటితో కూడా చెప్పండి.

• సిగరెట్, బీడీ, ఖైనీ పూర్తిగా మానాలి.

• తొడ నుంచి చర్మం తీసి ముంజేతిపై ఫ్లాప్ తీసిన చోట వేస్తారని, ముంజేతిపై మచ్చ మిగులుతుందని, బొటనవేలి వెనక తిమ్మిరి ఉండొచ్చని రోగికి, ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి.