కొనేవారినీ లెక్కించాలి, కొక్కేలనూ లెక్కించాలి: మార్కెట్ బిగువును కొలిచే విధానం

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) కోసి మచ్చు చూపించే రైతును ప్రతి సీజనులోనూ ఒకే ప్రశ్న వేధిస్తుంది. ఇది సరుకును బట్టి పలికిన ధరా, లేక కొనేవారు కొద్దిమందే కావడం వల్ల పలికిన ధరా? దీనికి లెక్కతో జవాబు వెతకవచ్చు. ఆ లెక్క నేర్చుకోవడానికి పశువులను కొని, కోసి, మాంసం అమ్మే అమెరికా బీఫ్ ప్యాకింగ్ పరిశ్రమను మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు, ఎందుకంటే అక్కడ కంపెనీల వాటాలు, కబేళాల సామర్థ్యం, పశువు ధర, మాంసం ధర అన్నీ ఏళ్ళ తరబడి నమోదవుతూ బయటికి వస్తున్నాయి. ప్రాజెక్టు రాసే కామర్స్ విద్యార్థులకూ, రైతు సంఘాల వారికీ ఇదే పద్ధతి పనికివస్తుంది.

ముందుగా కొనేవారి వాటాలు రాసుకోవాలి. పెద్దవారు నలుగురి వాటాలు కూడితే నాలుగు సంస్థల నిష్పత్తి వస్తుంది. మేపి బలిపించిన కోడెలు, పెయ్యల విషయంలో అమెరికాలో ఈ అంకె 1980లో 36 శాతం. 1990 నాటికి 70 దాటింది. ఇప్పుడు టైసన్, జేబీఎస్, కార్గిల్, నేషనల్ బీఫ్ అనే నాలుగు మాంసం కంపెనీలు కలిసి సుమారు 85 శాతం పశువులను కోస్తున్నాయి. తర్వాత, కొనుగోలు ఎంత కొద్దిమంది చేతుల్లో ఉందో చెప్పే హెర్ఫిండాల్-హిర్ష్‌మన్ సూచీ కట్టాలి. ఇందులో ప్రతి వాటానూ దానితోనే గుణించి, వచ్చిన అంకెలన్నిటినీ కూడతారు. అభ్యాసం కోసం ఒక ఊహా మార్కెట్లో నలుగురు 30, 25, 20, 10 శాతం చొప్పున, మరో పదిహేనుమంది ఒక్కొక్క శాతం చొప్పున కొంటున్నారనుకుంటే 900, 625, 400, 100, 15 కలిపి 2,040 వస్తుంది; అదే పదిమంది సమానంగా కొంటే 1,000 మాత్రమే. అమెరికా 2023 నాటి విలీన మార్గదర్శకాలు 1,800 దాటిన మార్కెట్‌ను బాగా కేంద్రీకృతమైనదిగా లెక్కిస్తాయి.

ఇక్కడ చాలామంది పొరపాటు చేస్తారు: దేశం మొత్తాన్ని ఒకే మార్కెట్‌గా తీసుకుంటారు. లారీలో ఎంత దూరం పోతే పశువు బరువు అంత తగ్గుతుంది, కిరాయి అంత పెరుగుతుంది, కాబట్టి రైతుకు అందుబాటులో ఉన్న కబేళాలే అతని మార్కెట్. 2008లో నేషనల్ బీఫ్‌ను జేబీఎస్ కొనబోయినప్పుడు అమెరికా న్యాయశాఖ కోర్టుకు వెళ్ళి, హై ప్లెయిన్స్, నైరుతి ప్రాంతాల పశువుల మార్కెట్లను విడిగా చూపించి వాదించింది. 2009లో ఆ కొనుగోలు ఆగిపోయింది. అందుకే హద్దు గీసిన తర్వాతే వాటాలు రాయాలి.

మూడో లెక్క సామర్థ్యానిది, నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా ముఖ్యం. కబేళా సామర్థ్యం అంటే భవనం విస్తీర్ణం కాదు. రోజుకు ఎన్ని పశువులను కొక్కేలకు ఎత్తగలరు, ఎన్ని షిఫ్టులు నడుస్తాయి, మాంసాన్ని చల్లబరిచే గదుల్లో ఎంత జాగా ఉంది, లైనులో కత్తి పట్టడానికి ఎంతమంది వచ్చారు అన్నవాటిలో ఏది అన్నిటికన్నా తక్కువో అదే అసలు సామర్థ్యం. 2019 ఆగస్టు 9న కాన్సాస్ రాష్ట్రంలోని హోల్కమ్‌లో టైసన్ కబేళా కాలింది. అక్కడ రోజుకు సుమారు 6,000 పశువులను కోసేవారు. బలిపించిన పశువుల విషయంలో అది దేశ సామర్థ్యంలో దాదాపు 6 శాతం. ఆ ఒక్క గేటు మూతపడగానే పశువుల ధర పడిపోయింది, మాంసం టోకు ధర ఎగసింది. 2020లో కరోనా వల్ల కార్మికులు రాలేక లైన్లు ఆగినప్పుడు, ఏప్రిల్ మొదట్లో వంద పౌన్లకు సుమారు 66 డాలర్లున్న ఈ రెండు ధరల తేడా మే మధ్యకు 279 డాలర్లు దాటింది. ఆ తేడాలో కూలి, రవాణా కూడా ఉంటాయి కనుక దాన్ని లాభంగా రాయకూడదు. అయినా బిగువు ఎక్కడ పడిందో అది వెంటనే చూపిస్తుంది.

అవే నాలుగు కంపెనీలు ఉండగా పరిస్థితి తలకిందులు కావడం కూడా చూడండి. కరువు, మేత ఖర్చుల వల్ల అమెరికాలో పశువుల మంద తగ్గి, 2025 జనవరికి 8.67 కోట్లకు దిగింది. 1951 తర్వాత అప్పటికి అదే అత్యల్పం. కొక్కేలు మిగిలిపోయాయి, పశువులు కరువయ్యాయి, వాటి ధరలు రికార్డు స్థాయికి చేరాయి, టైసన్ బీఫ్ విభాగం నష్టాలు చూపింది. సూచీ చూస్తే దాదాపు మారలేదు. 2025 నవంబరులో టైసన్ నెబ్రాస్కాలోని లెక్సింగ్టన్ కబేళాను మూసివేస్తామని ప్రకటించింది. దాని సామర్థ్యం రోజుకు సుమారు 5,000 పశువులు. కేంద్రీకరణ అసలు బలం నాకు ఇక్కడే కనిపిస్తుంది: ఒక్క కంపెనీ నిర్ణయంతో మొత్తం దారి ఇరుకవుతుంది, ఆ నిర్ణయంలో పశువును మేపినవాడికి మాట ఉండదు.

ఇప్పుడు మన యార్డుకు వద్దాం. కమీషన్ ఏజెంట్లను కొనేవారుగా లెక్కించకండి. ఒకే ఎగుమతిదారు పదిమంది ఏజెంట్ల దగ్గర కొనవచ్చు, కాబట్టి చివరికి డబ్బు కట్టేది ఎవరో చూసి వాటా రాయండి. తేజ, 334 అనే మిర్చి రకాలను, రంగు పోయిన తాలు కాయలను వేర్వేరు మార్కెట్లుగా తీసుకోండి, ఎందుకంటే వాటిని కొనేవారు వేరు. బలిసిన పశువు ఆగలేదు, ఆగే ప్రతి రోజూ మేత ఖర్చే. ఎండిన మిర్చి ఆగగలదు, కానీ కోల్డ్ స్టోరేజీలో చోటుంటేనే. అందుకే మనకు కబేళా కొక్కేలతో సమానమైనది కోల్డ్ స్టోరేజీ జాగా. 2025 మార్చిలో మా బాబాయి ట్రాక్టరులో నలభై టిక్కీలతో ఒక కోల్డ్ స్టోరేజీ గేటు ముందు రెండు రాత్రులు ఉన్నాడు. లోపల చోటు లేదన్నారు. మూడో రోజు యార్డులో, చెప్పిన ధరకే కాటా వేయించాడు. ఆ రోజు కొనేవారి సంఖ్య ఏమీ తగ్గలేదు, ఆయనకు ఆగే వీలు మాత్రమే పోయింది. ఆ ఫిబ్రవరిలోనే కేంద్రం, ధర పడినప్పుడు రైతుకు అండగా ఇచ్చే జోక్యపు ధరను క్వింటాలుకు 11,781 రూపాయలుగా ప్రకటించిందంటే మార్కెట్ ఎంత పడిందో తెలుస్తుంది.

కాబట్టి నోటుపుస్తకంలో వారానికొక వరుస రాయండి: యార్డుకు వచ్చిన టిక్కీలు, రకంవారీగా కనిష్ఠ, గరిష్ఠ ధరలు, అదే వారం కారం టోకు ధర, మీ చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో మిగిలిన జాగా. ఫిబ్రవరి నుంచి యార్డుకు వేసవి సెలవులు ఇచ్చే మే నెల దాకా ఒక్క వారం కూడా వదలకండి.